అమ్మానాన్నలతో రాకీ మౌంటెన్ పార్క్‌కి వెళ్తే ఏ లేక్ చుట్టూ నడవాలి?

మే నెల రాగానే అమెరికాలోని డెన్వర్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఒకటే సందడి. ఇండియా ఎండలు తప్పించుకున్నట్టూ ఉంటుంది, మనవల్ని చూసినట్టూ ఉంటుందని అమ్మానాన్నలో అత్తామామలో వచ్చి దిగుతారు. వాళ్లకింకా పగలు నిద్ర, రాత్రి మెలకువ సర్దుకోకముందే శనివారం వచ్చేస్తుంది, ఇంత దూరం వచ్చి కొండలు చూడకపోతే ఎలా అని రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ ప్లాన్ మొదలవుతుంది. అక్కడే చిక్కు. నాన్నకి మోకాళ్లు, అమ్మకి బీపీ, చంటిది స్ట్రోలర్‌లో. కొండలెక్కడం ఎవరి వల్లా కాదు, అలాగని కారు అద్దంలోంచి చూసి వెనక్కి రావడానికీ మనసొప్పదు. అలాంటి వాళ్లకి సరిపోయేవి నాలుగున్నాయి: స్ప్రేగ్ లేక్, బేర్ లేక్, లిలీ లేక్, ఇక పార్కు గేటు దాటక్కర్లేకుండా ఊళ్లోనే ఉన్న లేక్ ఎస్టెస్. నాలుగింటికీ మా వాళ్లని తీసుకెళ్లాను, ఏది ముందు ఏది తర్వాత అన్నది మాత్రం తప్పులు చేశాకే తెలిసింది.

తొందరలో ఉన్నవాళ్లకి ముందే చెప్పేస్తా. ఒక్కటే చూసే వీలుంటే స్ప్రేగ్. వచ్చి వారం కూడా కాకపోతే, లేదా పార్కులోకి వెళ్లే పర్మిట్ దొరక్కపోతే లేక్ ఎస్టెస్. బేర్ లేక్ పేరు గొప్పది, అందరూ అక్కడికే వెళ్లమంటారు, కానీ పెద్దవాళ్లని మొదటి రోజే అక్కడికి తీసుకెళ్లకండి. ఎందుకో కింద రాస్తున్నా.

మైళ్లు తర్వాత, ముందు ఎత్తు చూడండి

ఈ ట్రెయిల్స్ గురించి ఎక్కడ చదివినా "0.8 మైళ్లు, ఈజీ" అని ఉంటుంది. 0.8 మైళ్లంటే 1.3 కిలోమీటర్లు. మా నాన్న రోజూ పొద్దున్నే మా ఊళ్లో కాలేజీ గ్రౌండ్ చుట్టూ అంతకు మూడింతలు నడుస్తారు, మా అమ్మ అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన మనిషి, ఆ లెక్కన ఇదొక నడకేనా అనుకుని వాళ్లు వచ్చిన మూడో రోజే నేరుగా బేర్ లేక్‌కి తీసుకెళ్లాను. సగం దూరం కూడా పోలేదు. నాన్న ఒక బెంచీ మీద కూర్చుని తల పట్టుకున్నారు, వాంతి వస్తున్నట్టుంది అన్నారు, ముఖం పాలిపోయింది. అప్పుడు గాని నాకు ఎత్తు సంగతి తట్టలేదు.

బేర్ లేక్ ఉన్నది 9,475 అడుగుల ఎత్తున, అంటే 2,888 మీటర్లు. దక్షిణ భారతం మొత్తంలో అతి ఎత్తైన శిఖరం కేరళలోని ఆనముడి, అది 2,695 మీటర్లే. అంటే మన వైపు ఏ కొండ కొసకెక్కినా ఈ చెరువు గట్టు అంత ఎత్తుకి చేరలేం. లిలీ లేక్ దాదాపు 2,720 మీటర్లు, అదీ ఆనముడి కంటే పైనే. స్ప్రేగ్ 2,650 మీటర్ల దగ్గర్లో ఉంటుంది, ఊటీ వెళ్లినప్పుడు దొడ్డబెట్ట చూసుంటారు కదా, దాని శిఖరమంత ఎత్తన్నమాట. ఇక లేక్ ఎస్టెస్ ఉన్న ఎస్టెస్ పార్క్ ఊరు 2,293 మీటర్లు, ఇంచుమించు ఊటీ. డెన్వరే 1,609 మీటర్లు. హైదరాబాద్ 540 మీటర్ల చిల్లర, విశాఖ, కాకినాడల వాళ్లయితే సముద్రం పక్కనుంచి వచ్చిన వాళ్లు. వాళ్లు మన డెన్వర్ ఇంట్లో మెట్లెక్కుతూనే కాస్త ఆయాసపడుతుంటారు, వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాం.

2,900 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానికి దాదాపు 70 శాతం. ఊపిరి పీల్చిన ప్రతిసారీ లోపలికెళ్లే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గినట్టే. కుర్రాళ్లకి పెద్దగా తెలియదు. పెద్దవాళ్లకి తలనొప్పి, వికారం, నాలుగడుగులకే ఆయాసం. దీనికి అసలైన మందు కిందికి దిగడమే. మేం ఎస్టెస్ పార్క్‌కి దిగొచ్చి రెండు గంటలు కూర్చున్నాక నాన్న మామూలు మనిషయ్యారు, టీ అడిగారు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల సమస్య, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లయితే డాక్టర్ని అడగకుండా ఈ నాలుగింటిలో దేనికీ తీసుకెళ్లొద్దు. మిగతా వాళ్లని డెన్వర్‌లో నాలుగైదు రోజులు ఉంచి, మంచినీళ్లు బాగా తాగించి, తర్వాత బయల్దేరండి. బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తుందని మనవాళ్లు ప్రయాణంలో నీళ్లు మానేస్తారే, ఆ అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది.

స్ప్రేగ్ లేక్

నన్ను అడిగితే పెద్దవాళ్లకి ఇదే ఫస్ట్. చుట్టూ 0.8 మైళ్లు, ఎక్కడా ఎక్కుడూ దిగుడూ లేని బాట, గట్టిగా దిమ్మిస చేసిన సన్నకంకర, తడి నేల ఉన్నచోట చెక్క వంతెనలు. వీల్‌చెయిర్ తోసుకుంటూ మొత్తం చుట్టి రావచ్చు, స్ట్రోలర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. వీల్‌చెయిర్‌లో ఉండేవాళ్లు రాత్రి టెంట్ వేసుకుని గడపడానికి ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన క్యాంప్‌సైట్ కూడా లేక్ పక్కనే ఉంది, దాన్నిబట్టి ఆ బాటని ఎవర్ని దృష్టిలో పెట్టుకుని చేశారో తెలుస్తుంది.

కొండల మధ్య ఇంత చదునుగా ఎలా ఉందంటే, ఇది మనిషి చేసిన చెరువు. ఆబ్నర్ స్ప్రేగ్ అని ఈ లోయలో తొలినాళ్లలో స్థిరపడ్డ వాళ్లలో ఒకాయన, తన లాడ్జికి వచ్చే అతిథులు చేపలు పట్టుకోవడానికి వాగుకి అడ్డం కట్టి నీళ్లు నిలబెట్టాడు. ఇప్పుడా లాడ్జి లేదు, చెరువు మిగిలింది, నీళ్లు లోతు తక్కువ. 1939లో పార్కు ప్రవేశ రుసుము పెట్టినప్పుడు మొదటి టికెట్ కొన్నది కూడా ఆయనే అంటారు. తను కట్టిన చెరువు చూడ్డానికి తనే టికెట్ కొనుక్కోవడం నాకైతే భలే అనిపించింది.

ఇక్కడికి వెళ్తే పొద్దున్నే వెళ్లండి, గాలి లేవకముందే. పడమటి వైపు హ్యాలెట్ పీక్, ఫ్లాట్‌టాప్ మౌంటెన్ వరుసగా నిలబడి ఉంటాయి, తొలి ఎండ వాటి మీద పడి గులాబీ రంగుకి తిరిగినప్పుడు నీళ్లలో ఆ నీడ అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది, ఎనిమిది దాటి గాలి మొదలైతే అలలొచ్చి అదంతా చెదిరిపోతుంది. కెమెరాలూ స్టాండ్లూ పట్టుకుని తూర్పు గట్టున నిలబడ్డ జనాన్ని చూస్తే మీకే అర్థమవుతుంది ఎక్కడ నిలబడాలో. ఒక్కోసారి మూస్, అంటే దుప్పి జాతిలో అతి పెద్దది, నీళ్లలోకి దిగి గడ్డి తింటూ కనిపిస్తుంది. అది గేదెలా సాధువు కాదు, దూకుడెక్కువ. మూస్, ఎలుగుబంట్ల నుంచి కనీసం 120 అడుగులు, ఎల్క్ అనే పెద్ద దుప్పుల నుంచి 75 అడుగుల దూరం ఉండాలని పార్కు నిబంధన. ఫోటో కోసం మామయ్యగారిని దాని పక్కన నిలబెట్టే పని పెట్టుకోకండి, నవ్వులాటకి అనడం లేదు, ఆ సీన్ నేను చూశాను.

పార్కింగ్ పక్కనే పిక్నిక్ బల్లలున్నాయి. పులిహోర, పెరుగన్నం, వడియాలు పెట్టుకెళ్తే ఇంతకంటే మంచి చోటు దొరకదు. కాకపోతే చిప్‌మంక్‌లని బుల్లి ఉడతలుంటాయి, బల్లెక్కి డబ్బాలోకే తొంగి చూస్తాయి. వాటికి పెట్టకూడదు, పెడితే జరిమానా కూడా పడొచ్చు. ఇంట్లో కాకికి ముద్ద పెట్టందే అన్నం తినని మా అమ్మకి ఈ మాట చెప్పి ఒప్పించడానికి పట్టిన టైమ్‌లో ఇంకో చుట్టు నడిచొచ్చేవాళ్లం.

లోటు ఏదైనా ఉందంటే పార్కింగ్ చిన్నది, వేసవిలో తొందరగా నిండిపోతుంది. అది నిండితే పార్క్ అండ్ రైడ్‌లో కారు పెట్టి ఉచిత షటిల్ ఎక్కాలి, స్ప్రేగ్ దగ్గర ఆగుతుంది.

బేర్ లేక్

అందంలో దీన్ని కొట్టేది లేదు, ఒప్పుకుంటా. ముదురు పచ్చటి అడవి మధ్య లోతైన నీళ్లు, నెత్తి మీదే నిలబడినట్టుండే హ్యాలెట్ పీక్, ఉత్తరపు గట్టు నుంచి చూస్తే దూరంగా 14,259 అడుగుల లాంగ్స్ పీక్. అదే గట్టు మీద ఆస్పెన్ చెట్లు గుంపులుగా ఉంటాయి, సెప్టెంబర్ చివర్లో ఆకులు బంగారు రంగుకి తిరిగితే పసుపు కుంకం పూసిన గడపలా వెలిగిపోతుంది ఆ ఒడ్డంతా. 1900లో ఇక్కడ అడవి తగలబడింది, కాలిన నేలలో ముందు లేచే చెట్టు ఆస్పెన్, అందుకే మిగతా చోట్ల ముదురాకుపచ్చ పైన్లూ ఫర్లూ ఉండి అక్కడ మాత్రం ఇవి.

మరి ఇబ్బంది ఎక్కడ? ఇది ఎవరూ కట్టింది కాదు, హిమనది చెక్కిన గుంట. హిమనది కరిగిపోతూ వదిలేసిన బండల మీదుగా బాట పోవాలి కాబట్టి స్ప్రేగ్ లాగా చదునుగా ఉండే వీలే లేదు. పార్కింగ్ నుంచి లేక్ ఒడ్డుకి చేరే మొదటి ముక్క బాగానే ఉంటుంది, వీల్‌చెయిర్‌తో అక్కడిదాకా వెళ్లి చూసి రావచ్చు. పూర్తిగా చుట్టాలంటే మాత్రం మధ్యలో నిటారు ముక్కలున్నాయి, రాళ్లు తేలిన చోట్లున్నాయి. బలమైన మనిషి ఒకరు వెనకనుంచి తోస్తే అయ్యే పనే కావచ్చు, కానీ తోసేవాడికీ అది 2,888 మీటర్ల ఎత్తే కదా. కర్ర పట్టుకుని నడిచేవాళ్లు దిగుడు ముక్కల్లో మెల్లిగా దిగాలి, మోకాళ్లకి ఎక్కుడు కంటే దిగుడే కష్టం. బాట పొడుగునా బెంచీలున్నాయి, అదొక ఊరట. అంకెలు వేసిన గుంజలు కూడా పాతారు, వాటిని లెక్కపెట్టుకుంటూ నడిస్తే పిల్లలు మారాం చేయకుండా వస్తారు.

బేర్ లేక్ ఎవరికి సరైందంటే, గుంపులో సగం మంది పెద్దవాళ్లు, సగం మంది కుర్రాళ్లు ఉన్నప్పుడు. ఇక్కడినుంచే నింఫ్, డ్రీమ్, ఎమరల్డ్ లేక్‌లకి దారి మొదలవుతుంది, నింఫ్ అర మైలు, డ్రీమ్ 1.1 మైళ్లు, ఎమరల్డ్ 1.8. కుర్రాళ్లు పైకి పోయి వచ్చేలోపు పెద్దవాళ్లు కింద లేక్ ఒడ్డున కూర్చోవచ్చు. స్ప్రేగ్‌లో ఈ సౌకర్యం ఉండదు, అరగంటలో చుట్టేసి ఇప్పుడేంటి అని కుర్రాళ్లు మన మొహం చూస్తారు. ఒక మాట మాత్రం, డ్రీమ్ లేక్ దాకా అత్తయ్యని కూడా తీసుకెళ్దాం, మెల్లిగా నడుస్తారులే అని అక్కడికక్కడ ప్లాన్ మార్చొద్దు. ఆ దారి మొత్తం ఎక్కుడే.

జనం మాత్రం విపరీతం. పార్కింగ్ పెద్దదే అయినా జూలైలో తెల్లారేసరికే నిండుతుంది. షటిల్ కోసం ఎండలో లైన్లో నిలబడటం, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ లైను, ఇది పెద్దవాళ్లకి నడకకంటే ఎక్కువ అలసట. సెప్టెంబర్ శనివారాలైతే ఆస్పెన్ల కోసం డెన్వర్ డెన్వరంతా ఇక్కడే.

లిలీ లేక్

దీన్ని తెలుగువాళ్లు పెద్దగా పట్టించుకోరు, ఎందుకో తెలీదు. ఎస్టెస్ పార్క్ ఊరినుంచి 7వ నంబర్ హైవే మీద దక్షిణంగా ఓ పదిహేను నిమిషాలు పోతే రోడ్డు పక్కనే కనిపిస్తుంది. కారు దిగితే లేకే, నడిచి చేరాల్సిన దూరమంటూ లేదు. ఇదీ 0.8 మైళ్లే, చదునుగానే ఉంటుంది, చిత్తడి ఉన్నచోట చెక్క బాట. వీల్‌చెయిర్ నడుస్తుంది, వానలు పడ్డాక మాత్రం కంకర అక్కడక్కడా వదులుగా ఉండి చక్రం కూరుకుంటుంది.

లాంగ్స్ పీక్, మౌంట్ మీకర్ రెండూ ఇక్కణ్నుంచి కనిపిస్తాయి. ఆకాశం ఎక్కువ కనిపిస్తుంది, అడవి తక్కువ, అందుకని కొందరికి బేర్ లేక్ చూశాక ఇది బోసిగా అనిపించొచ్చు. మా అమ్మకి మాత్రం ఇదే నచ్చింది, మన ఊరి చెరువులా ఉందిరా అంది, రెల్లు, బాతులు, గట్టు.

ఒకచోట జాగ్రత్త. ఉత్తరం వైపు లిలీ రిడ్జ్ అని ఇంకో బాట కొండ మీదికి చీలుతుంది. బోర్డు చూడకుండా కబుర్లు చెప్పుకుంటూ పోతే దాన్ని పట్టుకుని పైకెక్కేస్తారు, సగం ఎక్కాక గాని తెలియదు. నీళ్లు మీ పక్కనే ఉన్నంతసేపూ సరైన దారిలో ఉన్నట్టు.

నీడ తక్కువ, గాలి ఎక్కువ. మధ్యాహ్నం వెళ్తే టోపీ ఎగిరిపోతుంది. షటిల్ లేదు, హైవే పక్క పార్కింగ్ నిండిపోతే రోడ్డుకి అవతలి వైపు పెట్టి దాటాలి, కార్లు వేగంగా వస్తుంటాయి, పెద్దవాళ్లనీ పిల్లల్నీ ముందు లేక్ వైపు దించేసి తర్వాత కారు పెట్టుకోండి.

లేక్ ఎస్టెస్

ఇది పార్కులో లేదు, ఊళ్లో ఉంది. అందుకే గేటు టికెట్ లేదు, పర్మిట్ లేదు, టైమ్ స్లాట్ టెన్షన్ లేదు. చుట్టూ 3.75 మైళ్లు, ఆరు కిలోమీటర్లు, బాట మొత్తం పక్కాగా వేసిందే. కొడైకెనాల్ లేక్ చుట్టూ నడిచిన వాళ్లకి ఇది తెలిసిన నడకే, కాస్త పొడుగు, అంతే. మొత్తం నడవక్కర్లేదు, ఎక్కడ అలసిపోతే అక్కడ వెనక్కి తిరగొచ్చు, లేదంటే ఇంకొకరు కారు తీసుకుని అవతలి వైపుకొచ్చి ఎక్కించుకోవచ్చు. రోడ్డు దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి ఈ వీలు. పార్కు లోపలి ట్రెయిల్స్ మీద కుక్కల్ని రానివ్వరు, ఇక్కడ గొలుసుతో తీసుకురావచ్చు.

కొండలు చుట్టూ ఉన్నా దూరంగా ఉంటాయి, ఒకవైపు హైవే రొద ఉంటుంది. అడవిలోకి వచ్చామన్న భావన రాదు, అది నిజమే. అయితే ఎల్క్ మాత్రం పార్కులోకంటే ఇక్కడే తేలిగ్గా కనిపిస్తాయి, పక్కనున్న గోల్ఫ్ మైదానంలో గుంపులుగా పడుకుని నెమరేస్తుంటాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో వాటికి ఎదకాలం, మగ ఎల్క్ ఈల వేసినట్టు అరుస్తుంది, ఆ రోజుల్లో మరీ దూరంగా ఉండాలి.

మా నాన్న ఇరిగేషన్ శాఖలో చేసి రిటైరయ్యారు. అన్ని లేక్‌లూ చూపించాక ఆయనకి నచ్చిందేది అని అడిగితే ఇదే అన్నారు. కారణం ఈ లేక్‌ని నిలబెట్టిన ఒలింపస్ డ్యామ్. కొలరాడో బిగ్ థాంప్సన్ ప్రాజెక్టులో భాగంగా పడమటి వైపు నీళ్లని కొండల కిందనుంచి 13.1 మైళ్ల సొరంగంలో తూర్పుకి తెస్తున్నారు, ఆ సొరంగం గుండా 1947లోనే నీళ్లు పారాయి, ఆ నీళ్లు ఈ లేక్‌లోకొచ్చి ఇక్కణ్నుంచి ఇంకా తూర్పుకి పోతాయి. ఒడ్డునే కరెంటు కేంద్రం కూడా ఉంది. వెలిగొండ సొరంగాలు పందొమ్మిది కిలోమీటర్ల లోపే, ఇది ఇరవై ఒకటి అని లెక్క కట్టి, వీళ్లు ఆ రోజుల్లోనే ఎలా తవ్వారో అని డ్యామ్ దగ్గర గంటసేపు నిలబడ్డారు. హ్యాలెట్ పీక్ గురించి ఇప్పటిదాకా ఒక్క మాట అన్లేదు.

పర్మిట్లు, డబ్బులు

వేసవి మొదలు అక్టోబర్ మధ్య దాకా పార్కులోకి వెళ్లాలంటే ఈమధ్య సంవత్సరాల్లో టైమ్డ్ ఎంట్రీ పర్మిట్ తీసుకోవాల్సి వస్తోంది. రెండు రకాలు. బేర్ లేక్ రోడ్ మీదున్న వాటికి, అంటే బేర్‌కీ స్ప్రేగ్‌కీ, ప్లస్ అనే పర్మిట్ కావాలి, అది పొద్దున 5 నుంచి సాయంత్రం 6 లోపు వెళ్లేవాళ్లకి. మిగతా పార్కుకి మామూలు పర్మిట్, పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 2 లోపు వెళ్లేవాళ్లకి. రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లో ముందు నెల ఒకటో తారీకు పొద్దున 8 గంటలకి వదులుతారు, మన తత్కాల్ టికెట్లలాగే నిమిషాల్లో మంచి స్లాట్లు పోతాయి. కొన్నిటిని ముందురోజు సాయంత్రం 7 గంటలకి మళ్లీ వదులుతారు, అప్పుడు ప్రయత్నిస్తే చాలాసార్లు దొరుకుతాయి. తారీకులూ వేళలూ ఏటా కాస్త మారతాయి, కాబట్టి బయల్దేరే ముందు పార్కు సైట్ చూడండి. లిలీ దగ్గర గేటు లేదు కదా అని పాస్ లేకుండా వెళ్లకండి, అదీ పార్కు స్థలమే.

పర్మిట్ వేరు, ప్రవేశ రుసుము వేరు. ఇక్కడే కొత్త మెలిక వచ్చింది. 2026 జనవరి 1 నుంచి అమెరికా నివాసులు కాని వాళ్లకి, 16 ఏళ్లు దాటిన మనిషికి 100 డాలర్ల చొప్పున, పదకొండు పెద్ద పార్కుల్లో అదనపు రుసుము పెట్టారు, వాటిలో రాకీ మౌంటెన్ ఒకటి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు ఇందులోకే వస్తారు. కారులో ఎవరి పేరు మీద ఏ పాస్ ఉంది, ఎవరు ఏ కార్డు చూపిస్తారు అన్నదాన్ని బట్టి లెక్క ఉంటుంది, అందుకని ఫీజుల పేజీ పూర్తిగా చదివాకే కారు తియ్యండి. 62 దాటిన వాళ్లకిచ్చే సీనియర్ పాస్ అమెరికా పౌరులకీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ మాత్రమే. మా నాన్నకి డెబ్భై, వయసు చూసి ఇచ్చేస్తారులే అనుకుని గేటు దగ్గర అడిగి వెనకున్న కార్లని ఆపినవాణ్ణి నేనే.

ఇద్దరు పెద్దవాళ్లకి రెండు వందల డాలర్లు అదనంగా పడేట్టుంటే, వాళ్లు ఎలాగూ పది నిమిషాలు నడిచి కూర్చునే వాళ్లయితే, లేక్ ఎస్టెస్ చూపించి ఊళ్లో ఐస్‌క్రీమ్ తినిపించి తీసుకురావడంలో తప్పేమీ లేదు. అంత ఖర్చు పెట్టినప్పుడు మాత్రం ఒక్క లేక్‌తో సరిపెట్టకండి, పొద్దున స్ప్రేగ్, ఒంట్లో బాగుంటే తర్వాత బేర్ ఒడ్డు దాకా. రెండూ ఒకే రోడ్డు మీదే, స్ప్రేగ్ ముందొస్తుంది, అక్కడ గంటసేపు చూస్తే ఎవరికి ఎత్తు పడుతోందో ఎవరికి పడట్లేదో తెలిసిపోతుంది.

ఎవరూ రాయని విషయం, బాత్రూమ్

షుగర్ ఉన్నవాళ్లతో వెళ్తే అన్నిటికంటే ముందు కావాల్సింది ఇదే. స్ప్రేగ్, లిలీ దగ్గరుండేవి గుంట మరుగుదొడ్లు, ఫ్లష్ ఉండదు, కుళాయి ఉండదు, చెయ్యి కడుక్కోవడానికి నీళ్లుండవు. కాగితం ఉంటుంది, అయిపోతే అదీ ఉండదు. నీళ్లు లేకపోతే మనవాళ్లకి కుదరదు, కాబట్టి ఒక పాత బాటిల్ నీళ్లతో విడిగా కారులో పెట్టండి, శానిటైజర్, టిష్యూలు కూడా. ట్రెయిల్ మధ్యలో ఎక్కడా లేవు, అన్నీ పార్కింగ్ దగ్గరే, కాబట్టి నడక మొదలెట్టేముందు అవసరం ఉన్నా లేకున్నా ఒకసారి వెళ్లి రమ్మనండి. నీళ్లొచ్చే శుభ్రమైన బాత్రూమ్ కావాలంటే పార్కులోకి వచ్చేముందే ఎస్టెస్ పార్క్ ఊళ్లోని విజిటర్ సెంటర్ దగ్గర ఆగండి. ఈ ఒక్క విషయంలో లేక్ ఎస్టెస్‌కి నూటికి నూరు మార్కులు, ఆ సెంటర్ లేక్ పక్కనే.

వాతావరణం, బట్టలు

జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములు మెరుపులు దాదాపు రోజూ ఉంటాయి. పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉన్నా ఒంటిగంటకల్లా నల్లబడుతుంది. చెరువు గట్టున ఉండగా ఉరుము వినపడితే చెట్టు కిందికి పరిగెత్తకుండా కారులోకి వచ్చేయాలి. పన్నెండు లోపు నడక ముగించుకునేలా చూసుకుంటే ఈ బాధే ఉండదు. జూన్‌లో కూడా పొద్దున్నే స్వెట్టర్, చెవులకి మఫ్లర్ కావాలి, పది దాటితే ఎండ చుర్రుమంటుంది, ఎత్తు మీద ఎండ తొందరగా మాడుస్తుంది. చెప్పులొద్దు. మా అమ్మ చీర మీద స్పోర్ట్స్ షూ వేసుకోనని రెండు రోజులు అలిగి, స్ప్రేగ్‌లో అలాగే నడుస్తున్న ఇంకో ముగ్గురు తెలుగు అమ్మల్ని చూసి ఊరుకుంది, నలుగురూ కలిసి ఫోటో కూడా దిగారు.

నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వచ్చే వాళ్లున్నా పర్వాలేదు, బేర్ లేక్ రోడ్డు చలికాలంలోనూ తెరిచే ఉంచుతారు, ఆ రోజుల్లో టైమ్ పర్మిట్ గొడవ కూడా లేదు. కాకపోతే బాట మీద మంచు తొక్కితొక్కి అద్దంలా గట్టిపడుతుంది, బూట్లకి ఇనుప ముళ్ల పట్టీలు వేసుకోనిదే కుర్రాళ్లే జారిపడతారు. పెద్దవాళ్లయితే స్ప్రేగ్ పార్కింగ్ నుంచి పదడుగులు వేసి, గడ్డకట్టిన చెరువు చూసి, ఫ్లాస్కులో కాఫీ తాగి వచ్చేయడమే. చలికాలంలో ఈ లోయలో గాలి మనిషిని నెట్టేస్తుంది, కారు తలుపు తీసేటప్పుడు కూడా గట్టిగా పట్టుకోమనండి.